పేరు చెరిగిపోయిన ఆరు

బుధవారం, రాత్రి 9:30

పొద్దున ల్యాబ్ తలుపు తీసేసరికి టిష్యూ ప్రాసెసర్ తన పని ముగించి నా కోసం చూస్తోంది. రాత్రంతా నడిచే యంత్రం అది. ఫార్మలిన్‌లో నానిన పేగు ముక్కలను క్రమంగా గాఢత పెరిగే ఆల్కహాల్‌లో ఉంచి నీరంతా లాగేస్తుంది. ఆ తర్వాత ఆల్కహాల్‌ను తీసేసే జైలీన్, చివరికి 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం. బుట్ట పైకి తీశాను. 24 క్యాసెట్లు, అంటే ఒక్కో ముక్కను పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీలు. 18 మీద చిట్టెలుకల నంబర్లు నల్లగా కనిపిస్తున్నాయి. ఆరింటి మీద ఏమీ లేదు. నిన్ననే కొన్నట్టు తెల్లగా ఉన్నాయి.

చూడగానే సంగతి అర్థమైంది. మామూలు మార్కర్‌తో రాశారు, ఆల్కహాల్ సిరాను కడిగేసింది. పెన్సిలుతో గానీ, ద్రావకాలకు తట్టుకునే పెన్నుతో గానీ రాయాలని మా గోడ మీద ఉంది, నమూనాలతో పాటు నింపే కాగితం మీదా ఉంది. అయినా నిన్న పెట్టె తీసుకున్నప్పుడు నేను లెక్క చూసుకున్నానే గానీ సిరాను రుద్ది చూడలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మా అమ్మమ్మగారి ఊళ్లో బట్టలు ఉతికే ఆయన ప్రతి ఇంటి బట్టకూ అంచున నల్లజీడి రసంతో చిన్న గుర్తు పెట్టేవాడు. చీర చిరిగేదే గానీ ఆ గుర్తు పోయేది కాదు. ఇక్కడ అమెరికాలో నేను చేసేదీ ఇంచుమించు అలాంటి పనే. పేగు, కాలేయ జబ్బుల మీద పరిశోధించే ప్రతి ఒక్కరూ కణజాలాన్ని పలుచని పొరలుగా కోసే మైక్రోటోమ్, లేజర్‌తో చూసే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ సొంతంగా కొనుక్కోలేరు కాబట్టి, అందరికీ ఒకే చోట ఏర్పాటు చేసేందుకు ఈ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థ నిధులిస్తుంది. అలాంటి జీర్ణవ్యాధుల కేంద్రాలకు సిల్వియో కాంటె అనే మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యుడి పేరు పెట్టారు. పేరు ఎవరిదైతేనేం, మూటలు అందరివీ.

పదింటికి ఆ అబ్బాయి వచ్చాడు. మన వైపు కుర్రాడే, పీహెచ్‌డీ మూడో ఏడు.

"అక్కా, 18 రాశాక పెన్ను ఎండిపోయింది. పక్క బల్ల మీద ఉన్నది తీసుకున్నాను."

ఎలుకలకు తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం కలిపి కొన్ని రోజులు ఇస్తే పెద్దపేగు లోపలి పొర దెబ్బతిని, మనుషుల్లో వచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌ను పోలిన పుండ్లు పడతాయి. వాటిలో సగానికి ఇతను ఓ మందు ఇచ్చాడు. నాలుగు నెలల పని. కాసేపు మౌనంగా నిలబడి, మెల్లగా అన్నాడు: "స్లైడు చూస్తే మీకు తెలిసిపోతుంది కదా అక్కా? పుండ్లు తక్కువున్నవి మందు తీసుకున్నవే అయ్యుంటాయి."

నాకు కోపం కన్నా జాలి ఎక్కువ కలిగింది. "బాబూ, మందు పనిచేస్తుందా లేదా అని చూడటానికే కదా వీటిని కోసింది. బాగున్నవన్నీ మందు తీసుకున్నవేనని మనమే రాసేస్తే, మందు పనిచేయక చస్తుందా?"

వేరే దారి వెతకకపోలేదు. రెండు జన్యురకాల ఎలుకలైతే మైనపు దిమ్మె నుంచి రెండు పొరలు గీకి డీఎన్‌ఏ పరీక్ష చేయించవచ్చు. ఆడ, మగ కలిసి ఉన్నా వై క్రోమోజోమ్ కొంత దారి చూపేది. ఇవి ఒకే రకం, అన్నీ మగవే. ఆరూ లెక్కలోంచి పోయాయి.

మిగతా 18 కోయడానికి కూర్చున్నాను. చిట్టెలుక పెద్దపేగు జానెడు కూడా ఉండదు. దాన్ని నిలువునా చీల్చి, శుభ్రం చేసి, పుల్లకు చుట్టి మైనంలో పెడతారు. స్విస్ రోల్ అంటారు గానీ, అడ్డంగా కోస్తే నాకు మడతకాజాయే గుర్తొస్తుంది. దిమ్మెను మంచు మీద చల్లబరిచి, మైక్రోటోమ్ చక్రం తిప్పితే 4 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా దిగుతాయి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. గోరువెచ్చని నీటి మీద వేయగానే ముడతలు విప్పుకుంటాయి, కింద నుంచి స్లైడుతో ఎత్తుకోవాలి. 11వ నంబరుది రంగు వేశాక చూశాను. ఒక మడతలో గ్రంథులు నీలం చుక్కల వరుసల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి. దాని పక్క మడతలో ఒక్క గ్రంథీ లేదు, చెల్లాచెదురుగా వచ్చి చేరిన కణాలు తప్ప. ఒకే పేగు, కాస్తంత దూరం. అది ఏ గుంపుదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. స్లైడు చూసి జబ్బు తీవ్రతకు మార్కులు వేసే పాథాలజిస్టుకు కూడా చెప్పరు.

మధ్యాహ్నమంతా కాన్‌ఫోకల్ దగ్గర వేరేవాళ్ల గొడవ. లేజర్ పెంచేస్తే ఎర్ర రక్తకణాలు కూడా దీపాల్లా వెలుగుతాయి, అది వెతుకుతున్న ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీ వెలుగు కాదని ఒప్పించేసరికి మూడైంది.

ఆ ఆరింటినీ పారేయలేదు. కొత్త యాంటీబాడీ వస్తే ఎంత పలుచన చేయాలో తేల్చుకోవడానికి ఇలాంటి కణజాలమే కావాలి. "పేరు లేనివి 1–6" అని రాసి కింది సొరుగులో పెట్టాను. కుర్రాడు వెళ్తూ వెళ్తూ నా పెన్సిలు అడిగాడు, కొత్త క్యాసెట్ల మీద ఇప్పుడే నంబర్లు రాసుకుంటానని.

రేపటి సరుకుల జాబితా రాద్దామని ఇప్పుడు పర్సు వెతికితే పెన్సిలు లేదు. తిరిగివ్వలేదు.