ఓవర్‌బ్రిడ్జి మీద ఘాటీ సాధన

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

బరంపురంలో ఎత్తు అంటే రైల్వే ఓవర్‌బ్రిడ్జే. ఊరి బయట కెరండిమాల కొండలు రోజూ కనిపించి ఊరిస్తాయి, అంతే. సముద్రానికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఎక్కుడు రోడ్లు ఎక్కడి నుంచి వస్తాయి? నేనేమో ఉగాది లోపల కొండ కింది సొరడ నుంచి కొండ మీది దారింగ్‌బాడికి ఘాటీలో, అంటే కొండ రోడ్డులో, సైకిలు మీద ఎక్కుతానని నలుగురికీ చెప్పేశాను.

దారింగ్‌బాడి సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. సొరడ ఉన్న ఎత్తు తీసేస్తే ఎక్కాల్సింది దాదాపు 800 మీటర్లు. మా ఓవర్‌బ్రిడ్జి ఎంత లాగినా ఎనిమిది మీటర్లు దాటదు. అంటే దాన్ని వందసార్లు ఎక్కి దిగితే ఒక దారింగ్‌బాడి. ఈ లెక్క పొద్దున్న బ్రిడ్జి మీదే వేశాను. వేశాక ఇంకో రెండు చుట్లు తిరగబుద్ధి కాలేదు.

పైగా వాలు కూడా చాలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదానాల్లో రోడ్డుకు మామూలుగా ఉండాల్సిన వాలు 30 మీటర్లకు ఒక మీటరు, అంటే 3.3 శాతం. కొండ ప్రాంతమైతే 20 మీటర్లకు ఒకటి, 5 శాతం. మరీ నిటారు కొండల్లో 6. కాగితం మీద తేడా రెండు మూడు శాతమే గానీ తొక్కేవాడికి పని ఒకటిన్నర రెట్ల నుంచి రెట్టింపుకు దగ్గర దాకా పోతుంది. ఎందుకంటే ఆ నత్తనడకలో గాలి అడ్డు లెక్కలోకే రాదు, మనిషినీ సైకిలునూ పైకి మోసే పనే పనంతా. నేను, సైకిలు, నీళ్ళ సీసాలు కలిపి 90 కిలోలు. అంత బరువును 800 మీటర్లు ఎత్తాలంటే 700 కిలోజౌళ్ళు కావాలి. ఒంట్లోకి వెళ్ళిన తిండిలో నాలుగో వంతే కాలికి అందుతుంది, మిగతాదంతా వేడి. ఆ లెక్కన 700 కేలరీలు, ఇడ్లీల్లో చెప్పాలంటే డజను. ఈ ముక్క అమ్మకు చెబితే పొద్దున్నే నానబోసేస్తుంది, అందుకని చెప్పలేదు.

బ్రిడ్జికి ఇంకో పెద్ద లోపం ఉంది. దానికి అవతలి వైపు ఉంది. ఒక నిమిషం రొప్పుతూ ఎక్కామో లేదో, తొక్కడం ఆపి జారిపోవచ్చు. ఘాటీకి ఆ అవతలి వైపు రెండు గంటలకు గానీ రాదు. 16 కిలోమీటర్లు 5 శాతం వాలు, గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగం అనుకుంటే అంతే అవుతుంది. ఆ రెండు గంటల్లో పెడలు వదిలేసి చక్రం తిరగనిచ్చే వీలు ఒక్క క్షణం కూడా ఉండదు. ఊళ్ళో తొక్కినవాడికి ఇది తలకెక్కదు. బడా బజార్ నుంచి కొత్త బస్టాండు దాకా వెళ్ళేలోపు కాలు ఎన్నిసార్లు నేలకు ఆనుతుందో! ఆవు అడ్డం, ఆటో అడ్డం, తెలిసినవాళ్ళు అడ్డం. "ఎటు బావూ ఇంత పొద్దున్నే?" అని పెద్దాయన పలకరిస్తే ఆగకుండా పోవడం మర్యాద కాదు. ఊరు మన కాళ్ళకు నేర్పేది ఆగడం. నా కాళ్ళకు ఎత్తు కన్నా ముందు అలవాటు కావాల్సింది ఆగకపోవడం.

పది గంటలకు సైకిలు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆదివారమైనా మధ్యాహ్నం దాకా కొట్టు తీసే ఉంచుతాడు. వెనక చక్రానికి పాత ఫ్రీవీల్, అంటే గొలుసు తిరిగే పళ్ళ బిళ్ళల గుత్తి, తీసి 34 పళ్ళ దాకా ఉన్నది వేయించాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, ఫ్రీవీల్ నోట్లో ఇనప బిళ్ళ దూర్చి, పానా పట్టి మొత్తం ఒంటి బరువు వేశాడు. కదల్లేదు. చక్రాన్ని తిరగేసి కిరసనాయిలు నాలుగు చుక్కలు వేసి, బీడీ వెలిగించబోయి, నా మొహం చూసి మానేశాడు. రెండోసారి 'టక్' మని వదిలింది. కొత్తదానికి పళ్ళు వేలితో లెక్కపెట్టి చూపించాడు: 14, 16, 18, 20, 22, 24, ఆ తర్వాత ఒక్కసారే 34. చివరి దానికి ముందు అంత గెంతు ఎందుకో ఆయనకు నచ్చలేదు. "మజ్జెన ఏదీ లేదేటి బాబూ" అన్నాడు. నాకూ అదే అనుమానం. 24 మీద బరువనిపించి 34కి మార్చగానే కాళ్ళు గాల్లో తిరిగినట్టవుతాయి. కానీ పెడళ్ళ దగ్గర 28 పళ్ళది, వెనక 34 పళ్ళది వేస్తే పెడలు ఒక చుట్టు తిప్పినందుకు సైకిలు మీటరూ ముప్పావు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తిప్పితే గంటకు ఆరు కిలోమీటర్లకు పైనే. నడకకు కాస్త ఎక్కువ. గొప్పగా చెప్పుకునే వేగం కాదు, అయినా మోకాళ్ళు మిగులుతాయి. డబ్బున్నవాళ్ళు తేలిక సైకిలు కొంటారు, మనలాంటివాళ్ళం పళ్ళు పెంచుకోవాలి.

మధ్యాహ్నం పఖాళ అనే చద్దన్నం, వేయించిన బడి వడియాలు, పచ్చిమిరపకాయ. ఈ ఎండకు అంతకు మించి ఏదీ దిగదు. తిని పెద్దనాన్న ఇంటికి వెళ్ళాను. ఆదివారం కూడా మగ్గం గుంటలోనే ఉన్నాడు. పట్టు చీరకు కుంభాల అంచు పడుతోంది. పోగు తెగితే ఆగడం, నాలిక తడితో ముడేయడం, మళ్ళీ తొక్కడం. నా ప్రయాణం సంగతి విని చెయ్యి ఆపకుండానే అడిగాడు.

"ఎక్కడం సరేరా, దిగడం ఏటి చేస్తావు?"

"బ్రేకులున్నాయి కదా పెద్దనాన్నా."

"అంత దూరం పట్టుకునే ఉంటే కాలిపోవేటి?"

మగ్గం దిగని మనిషికి ఈ అనుమానం ఎలా వచ్చిందో గానీ, అది సరైన అనుమానం. రిమ్‌ను పట్టే బ్రేకులు దిగుడులో వేడెక్కుతాయి. అదే పనిగా నొక్కి ఉంచితే రిమ్ వేడికి ట్యూబు పేలడం కూడా ఉంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలి, ముందుదీ వెనకదీ మార్చి మార్చి వాడాలి. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించాలని చీటీలో రాసుకున్నా. నెట్‌లో చదివిన సలహాలన్నీ ఎక్కడం గురించే. దిగడం గురించి మొదట అడిగింది పెద్దనాన్నే.

సాయంత్రం నాలుగింటికి గోపాల్‌పూర్ రోడ్డు పట్టాను. పొద్దున్న వెళ్తే ఆ రోడ్డు మామూలు చదును రోడ్డు. నాలుగింటికి అది వేరు. పగలంతా నేల కాగి దాని మీద గాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. ఎండలు పెరిగే ఈ నెలల్లో దాని జోరే జోరు. గాలి అడ్డు మనకు తగిలే గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, మన వేగం, ఎదురుగాలి వేగం కలిపి రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. యూనివర్సిటీ దాటేసరికి నా వేగం పద్నాలుగుకు పడిపోయింది. అక్కడ ఒకసారి కావాలని తొక్కడం ఆపి చూశాను. చదును రోడ్డు మీద సైకిలు పది బారలు కూడా పోకుండా నీరసపడింది. ఘాటీ చేసేది కూడా అచ్చం ఇదే. ఆపావా, ఆగావు.

అందుకే ఇవాళ పెట్టుకున్న నియమం ఒక్కటే, సముద్రం కనిపించేదాకా కాలు ఆపకూడదు. సీటు మీద నుంచి లేవకూడదు కూడా. లేచి తొక్కితే గుండె పరుగెత్తుతుంది, ఆ పరుగు రెండు గంటలు నిలవదు. నీళ్ళు తాగడం కూడా తొక్కుతూనే. ఒక చెయ్యి వదిలి సీసా తీసేటప్పుడు గాలి పక్క నుంచి కొట్టి సైకిలు మొగలి పొదల వైపు వెళ్ళింది. మొగలి ముళ్ళు ఎలా ఉంటాయో గంజాం జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. సరుగుడు చెట్లన్నీ ఊరి వైపే ఒరిగి ఉన్నాయి, నేనొక్కణ్ణే వాటికి ఎదురు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ పక్కనే. ఆ గాలి గుర్తున్నవాళ్ళకు నా ఎదురుగాలి గోల వింటే నవ్వొస్తుంది.

మొదటి అరగంట విసుగు. ఎంత తొక్కినా అదే రోడ్డు, అవే మైలురాళ్ళు. ఆ తర్వాత ఎప్పుడో లెక్క చూడటం మానేశాను. గంట దాటాక లైట్‌హౌస్ కనిపించింది. తొడలు మండుతున్నాయి గానీ తిరగబడలేదు. ఒక్కటి మాత్రం గాలి నేర్పదు. ఇక్కడ చెమట పట్టగానే ఆరిపోయింది. ఘాటీలో ఏడెనిమిది కిలోమీటర్ల వేగానికి ఏ గాలీ తగలదు, చెమట కంట్లోకే. పైకి పోయేకొద్దీ కిలోమీటరు ఎత్తుకు ఆరారున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి దారింగ్‌బాడిలో ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం పైకి చేరినవాడికి, మధ్యలో ఉన్నవాడికి కాదు. కాబట్టి సొరడలో ముందు రోజు రాత్రి పడుకుని తెల్లవారకముందే బయలుదేరాలి. వచ్చే ఆదివారం తప్తపాణి ఘాటీ ఎక్కి చూద్దామని బ్యాంకు మిత్రుడితో అనుకున్నాం. అది చిన్నదే గానీ దానికి అవతలి వైపు తొందరగా రాదు.

తిరుగు దారిలో గాలే నెట్టింది. నేను చేసిందేమీ లేదు, దాని గురించి రాయడానికీ ఏమీ లేదు.

ఇంటికొచ్చి భోంచేస్తుంటే అమ్మ అడిగింది, దారింగ్‌బాడి అంటే కొంధమాళ్ జిల్లానే కదా అని. అవునన్నాను. "అయితే ఐదు కిలోల పసుపు పట్రా. అక్కడి పసుపుకి పేరుంది, ఇక్కడ కొంటే కల్తీ." పేరున్న మాట నిజమే, 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. పైన కొని కిందికి తెచ్చే సరుకు కాబట్టి ఎక్కుడుకు బరువు కాదని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక పెద్దనాన్న ప్రశ్న గుర్తొచ్చింది. దిగుడులో 90 కాదు, 95. బ్రేకు రబ్బర్లు రెండు జతలు కొనాలి.