మూడు బోల్టులు నడిమికి, నాలుగోది నుంచి ఎడమకి

నిన్న శనివారం మధ్యాహ్నం ఒహాయోలోని లిక్కింగ్ కౌంటీలో 29 డిగ్రీల ఎండ. నేనేమో డిసెంబర్‌లో వేసుకునే లావుపాటి జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని, చెమటలు కారిపోతూ పొలంలో నిలబడి క్రాస్‌బో (తుపాకిలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) నారి లాగి ఎక్కుపెడుతున్నాను. పొలం మా ఆఫీసులో పనిచేసే ఒకతని నాన్నగారిది. ఆయన ట్రాక్టర్ ఆపి మరీ కాసేపు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. అడిగినా ఏం చెప్పను. జాకెట్ లేకుండా 30 గజాల నుంచి చక్కగా నడిమికి పడుతున్న బోల్టులు (దాని పొట్టి బాణాలు), జాకెట్ తొడుక్కోగానే మళ్లీ మూడంగుళాలు ఎడమకి. ఆరు వారాలుగా నన్ను పీడిస్తున్న ఆ ఎడమే, అనుకున్నంతగా వదల్లేదన్నమాట.

కిందటిసారి రాసినప్పుడు తప్పంతా స్కోపుది (గురి చూసే దుర్బిణిది) అని ఘంటాపథంగా చెప్పాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాపం స్కోపు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు సంగతి కొంచెం. అసలు నాకు క్రాస్‌బో ఎందుకంటే మొదటి కారణం వీసా. హెచ్-1బి మీద ఉన్నవాడికి తుపాకి అంటే ఫెడరల్ చట్టంలో నిషేధం, దానికి హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు, ఆ కాగితాలన్నీ చూసేసరికే నాకు టెన్షన్ వచ్చింది. క్రాస్‌బో అయితే ఫెడరల్ లెక్కలో ఫైర్‌ఆర్మ్ కానే కాదు. రెండో కారణం ఒహాయోలో తుపాకి సీజన్ రోజుల లెక్క, ఆర్చరీ (విల్లు) సీజన్ మాత్రం సెప్టెంబర్ చివర మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది. పిల్లలు, ఆన్-కాల్, పండగలు పోను నాకు మిగిలే శనివారాలు దాంట్లో బోలెడు. కాంపౌండ్ విల్లు నేర్చుకునే ఓపిక లేదు, ఒప్పుకుంటున్నాను.

కొనేటప్పుడు నేను చూసిందల్లా డబ్బా మీద వేగం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సెకనుకు 350 అడుగులదొకటి, 390 అడుగులదొకటి, ధరలో 120 డాలర్ల తేడా, నేను 390ది పట్టుకొచ్చాను. నారి లాగడానికి పట్టే బలం, అంటే డ్రా, 200 పౌండ్లు. రెండు పిడుల తాడుతో లాగేది, తిప్పి లాగే చేతి మర (క్రాంక్) లేదు. బ్రాండు పేరు చెప్పను, ఎందుకంటే దాని తప్పేమీ లేదని ఇప్పుడు తెలిసింది, పేరు రాస్తే ఎవరో ఒకరు దాన్ని కొనకుండా ఆగిపోతారు. నా బోల్టు బరువు 425 గ్రెయిన్లు, దాంతో షాపులో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద 371 అడుగులు వచ్చింది. డబ్బా మీది అంకె తేలిక బోల్టుతో తీసింది కాబట్టి అందులో మోసమేమీ లేదు. 371కి లెక్క కడితే 130 ఫుట్-పౌండ్ల శక్తి. జింకకి అది ఎక్కువే. ఇక్కడ చట్టం అడిగే కనీస డ్రా 75 పౌండ్లు మాత్రమే.

ఇక అసలు గోల. ఆగస్టు మొదట్లో 20 గజాల నుంచి జీరో చేశాను, అంటే గురిపెట్టిన చోటే బోల్టు పడేలా స్కోపు సరిచేశాను, ఇబ్బంది లేదు. 30కి వెళ్లాక మొదలైంది. తొమ్మిది బోల్టులు వేస్తే మూడు నడిమికి, మూడు రెండంగుళాలు ఎడమకి, మూడు నాలుగున్నర ఐదంగుళాలు ఎడమకి. ఒకటి తప్ప మిగతావాటికి ఎత్తులో తేడా లేదు, అర అంగుళం అటూ ఇటూ. అడ్డంగానే జరుగుతున్నాయి. నేను వేసిన మొదటి తప్పటడుగు ఏంటంటే, తొమ్మిదీ వేసి, టార్గెట్ దగ్గరికి నడిచి, అన్నిటినీ కలిపి ఒక గుంపుగా చూడటం. ఏది ముందు వేశాను, ఏది తర్వాత వేశాను అని రాసుకోలేదు. అందుకే సగటు తీసి స్కోపుని కుడికి తిప్పాను. మర్నాడు మొదటి మూడూ కుడికి పోయాయి. మళ్లీ ఎడమకి తిప్పాను. ఇలా రెండు వారాలు స్కోపుతో కబడ్డీ ఆడాను.

తర్వాత స్కోపు మౌంటు స్క్రూలు. అన్నీ విప్పి, టార్క్ డ్రైవర్‌తో ఒకే బిగువుకి బిగించాను. మార్పు లేదు. స్కోపు మీద చిన్న బబుల్ లెవెల్ పెట్టాను, విల్లు పక్కకి వాలుతోందేమోనని. నిజమే, కొంచెం వాలుతోంది. సరిచేశాక ఒక అంగుళం తగ్గింది, అంతే. గాలి అనుకుని తెల్లవారుజామున ఆకు కదలని వేళ వేశాను. అదే తంతు. లింబ్స్ (విల్లు కొమ్ములు) వేడెక్కి ఏదో అవుతోందని కూడా ఒక సిద్ధాంతం లేవదీశాను. మూడేసి షాట్లకి మధ్య 20 నిమిషాలు ఆగి చూస్తే ఆ రోజు ఎడమకి పోవడం బాగా తగ్గింది, దాంతో నా సిద్ధాంతమే రైటని ఎగిరి గంతేశాను. లింబ్స్ చల్లబడుతున్నాయనుకున్నాను గానీ, ఆ 20 నిమిషాల్లో చల్లబడింది నా చేతులు అని అప్పుడు తట్టలేదు.

బోల్టులకి 1 నుంచి 9 దాకా నంబర్లు వేసి, ఏ బోల్టు ఎన్నో షాటుగా వెళ్లిందో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది ఆగస్టు చివర్లో. అందులో ఒక మంచి జరిగింది, 5వ నంబరు ఎప్పుడు వేసినా మూడంగుళాలు పైకి పోతోందని తేలింది, తిప్పి చూస్తే కొన వణుకుతోంది, తీసి పక్కన పెట్టాను. మిగతా ఎనిమిదికీ బోల్టుతో సంబంధం లేదు, షాటు వరసతోనే సంబంధం. ఏ బోల్టయినా మొదటి మూడింట్లో వేస్తే నడిమికి, ఏడో షాటుగా వేస్తే ఎడమకి. ఆ పేజీ ముందు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను.

గుట్టు విప్పింది ఖమ్మంలో ఉన్న మా అమ్మ. మా ఆవిడ నేను ఎక్కుపెడుతుంటే సరదాగా వీడియో తీసి ఇంటి గ్రూపులో పెట్టింది. అమ్మకి ఈ వ్యవహారమే నచ్చదు, జింకని కొడితే జైలు కదరా అంటుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఇక్కడ లైసెన్స్ ఇచ్చి లెక్కపెట్టి మరీ కొట్టమంటారు, ఆ సోయాబీన్ చేనంతా అవే మేసేస్తున్నాయి అంటే, సరేలే అని మొహం తిప్పుకుంటుంది. ఆ వీడియో చూసి ఫోన్ చేసి, "ఏంట్రా అది, బావిలో నీళ్లు చేదుతున్నట్టు ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక?" అంది. నవ్వేసి పెట్టేశాను. రాత్రి పడుకోబోతూ ఎందుకో వీడియో మళ్లీ తీసి నిదానంగా నడిపి చూశాను. కుడి చెయ్యి ముందు పైకొస్తోంది, ఎడమ చెయ్యి వెనక వస్తోంది. అలిసేకొద్దీ ఆ తేడా పెరుగుతోంది. తాడు వాడితే బరువు సగానికి తగ్గినా ఇంకా వంద పౌండ్లు, అంటే 45 కిలోలు. ఎడమ భుజం నాకు పాత క్రికెట్ దెబ్బ.

మర్నాడే వెండి రంగు పెయింట్ పెన్నుతో, నారి వదులుగా ఉన్నప్పుడు రైలుకి (బోల్టు జారే గాడి బద్దకి) రెండు పక్కలా ఆనుకునే చోట సన్నటి గీతలు పెట్టాను. ఎక్కుపెట్టాక ఆ రెండు గీతలూ రైలుకి సమాన దూరంలో ఉండాలి. మొదటి షాటుకి తేడా కనిపించలేదు. ఐదోదానికి ఒక మిల్లీమీటరు పక్కకి జరిగింది, ఎనిమిదోదానికి రెండుకి పైగా. వెర్నియర్‌తో కొలిచాను, కంటికి కాదు. ఎనిమిదో బోల్టు నాలుగున్నర అంగుళాలు ఎడమకి. అనుమానం తీరక, కావాలనే ఎడమ చెయ్యి ముందు లాగి ఎక్కుపెట్టి వేశాను. నాలుగంగుళాలు కుడికి! ఆ చేలో ఒక్కణ్నే నిలబడి ఈల వేశాను. రెండు మిల్లీమీటర్లు, 30 గజాలకి నాలుగున్నర అంగుళాలు, అంటే 40కి ఆరు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది తొమ్మిది అంగుళాల గుండ్రం. నడి మధ్యకి గురిపెట్టినా బయటికే పోతుంది, చావకుండా గాయంతో పరుగెత్తే జింక మిగులుతుంది.

ఇప్పుడు చేస్తున్నదేంటంటే, తాడు కొక్కేలు రెండూ రైలుకి అతుక్కుపోయేలా నొక్కిపెట్టి, వంగి తాడు బిగువు రెండు పక్కలా ఒకేలా ఉందో చూసుకుని, చేతులతో కాకుండా నడుముతో లేస్తూ ఒక్క ఊపున లాగడం. క్లిక్ అన్నాక గీతలు చూడటం. సరిగ్గా లేకపోతే ఆ షాటు గురి కోసం వేయను, పాత బోల్టు పెట్టి టార్గెట్‌లోకి వదిలేసి మళ్లీ మొదటినుంచి. ఇలా 20 షాట్లు వేస్తే అన్నీ రెండున్నర అంగుళాల్లో పడ్డాయి.

అక్కడికి కథ అయిపోయిందనుకున్నాను. మా ఆఫీసతను ఒక్క ప్రశ్న అడిగాడు, చలికాలం జాకెట్‌తో లాగి చూశావా అని. అందుకే నిన్నటి వేషం. జాకెట్ గుండెల దగ్గర లావుగా ఉండి ఎడమ పిడి దానికి తగిలి ఆగుతోంది, కుడిది ఇంకా పైకొస్తోంది, గ్లౌజులతో పట్టు జారుతోంది. ఐదు షాట్లలో మూడు ఎడమకి. ఒకటి మాత్రం కుడికి, అదెందుకో ఇంకా అంతు పట్టలేదు, బహుశా గ్లౌజు జారిందేమో. వేటలో వేసేది ఒక్క షాటే కదా, ఎండలో తొమ్మిది వేసినట్టు అలిసిపోవు కదా అని అనుకున్నవాణ్ని, కానీ ఆ ఒక్కటీ చీకట్లో, సున్నాకి కింద, ఇదే జాకెట్‌లో లాగింది అవుతుంది.

వేగం గురించి కూడా ఈ వారం కాగితం మీద లెక్క వేశాను. 40 గజాలంటే 120 అడుగులు. శబ్దం సెకనుకి దాదాపు 1,100 అడుగులు, జింక చెవికి 0.11 సెకనులో చేరుతుంది. బోల్టు 350తో వెళితే 0.34 సెకను, 390తో వెళితే 0.31. రెండింట్లో ఏదైనా జింకకి శబ్దం విని కిందికి కుంగడానికి సెకనులో ఐదో వంతు చేతిలో ఉంది. నేను 120 డాలర్లు పెట్టి కొన్నది 0.035 సెకను. అదే డబ్బుకి ఇంకొంచెం కలిపితే క్రాంక్ ఉన్న విల్లు వచ్చేది, రెండు పక్కలా సమానంగా అదే లాగేది. నేను మాత్రం ఈ ఏడాది 30 గజాలు దాటి వేయను.

మొదటి క్రాస్‌బో కొనబోతూ మెసేజ్ పెట్టిన ఇద్దరికీ అందుకే ఒకటే చెప్పాను, షాపుకి జాకెట్ తీసుకెళ్లండి, ఒకసారి కాదు పదిసార్లు ఎక్కుపెట్టి చూడండి, సేల్స్‌మన్ విసుక్కున్నా సరే. బ్రాండుల్లో రావిన్ ఎక్కుపెట్టాక ఎంతో సన్నంగా ఉంటుంది, క్రాంక్ దాంట్లోనే ఉంటుంది, కానీ ధర చూస్తే మా ఆవిడకి చెప్పే ధైర్యం లేదు, పైగా దాని నాక్‌లే (బోల్టు వెనక నారికి ఆనే ముక్కలు) దానికి వాడాలి. ఎక్స్‌కాలిబర్ రికర్వ్ నాకు మనసులో బాగా నచ్చింది, కామ్‌లు (కొమ్ముల చివర తిరిగే చక్రాలు) లేవు, నారి తెగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. కానీ వెడల్పు, చిన్న గుడారంలో కూర్చుంటే కొమ్ములు తగులుతాయి. టెన్‌పాయింట్ మన ఒహాయోదే, మొగడోర్‌లో చేస్తారు, దాని చవక రకం వికెడ్ రిడ్జ్‌లో క్రాంక్‌వి కూడా ఉన్నాయి. నాలాంటి ఎడమ భుజం వాళ్లకి నా ఓటు దానికే, నా దగ్గర లేదు కాబట్టి ఈ ఓటుకి విలువ మీరే కట్టండి.

నా విల్లుకి తర్వాత క్రాంక్ బిగించే వీలు లేదట, ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈ ఏడాదికి దీంతోనే. జాకెట్ బదులు లోపల పల్చటి ఉన్ని రెండు పొరలు, పైన చేతుల్లేని కోటు, ఎక్కుపెట్టాకే జాకెట్. తాడు పిడులు కూడా మార్చి చూస్తాను, ఇప్పటివి సన్నం. తెల్లవారకముందే కింద నిలబడి, హెడ్‌ల్యాంప్ వెలుగులో గీతలు చూసుకుని ఎక్కుపెట్టి, బోల్టు పెట్టకుండా తాడుతో స్టాండ్ (చెట్టు మీద కూర్చునే మంచె) పైకి లాక్కుంటాను.

బ్రాడ్‌హెడ్‌ల (వేటకి బోల్టు కొనకి బిగించే పదును రెక్కల ములుకుల) సంగతి ఇంకా మొదలే పెట్టలేదు. ఫిక్స్‌డ్ రెక్కలవి ఈ వేగానికి పక్కకి తేలతాయంటారు, అందుకని తగిలాకే రెక్కలు తెరుచుకునే మెకానికల్ వైపే మొగ్గు, కానీ తెరుచుకోకపోతే అనే భయం ఒకటి. రెండు రకాలూ 100 గ్రెయిన్లవి మూడేసి తెచ్చాను, వచ్చే శనివారం ఫీల్డ్ పాయింట్ల (సాధనకి వాడే మామూలు ములుకుల) పక్కన పెట్టి వేస్తాను. ఆ తర్వాతి శనివారమే 27, సీజన్ మొదటి రోజు. పొలం పెద్దాయన రాసిచ్చిన అనుమతి కాగితం కారు డ్యాష్‌బోర్డులో ఉంది. మా ఆవిడ అప్పుడే ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీ చేసి, గోంగూర వేసి వండితే ఎలా ఉంటుందో అని అడుగుతోంది. ముందు ఎనిమిదో షాటు నడిమికి పడనీ అన్నాను.