సీనియర్ సెంటర్ లిఫ్టు కోసం వాషింగ్టన్‌ని అడిగాం: నా అనుభవం

అమెరికాలో మనవాళ్ళు చాలామంది తమ కాంగ్రెస్ ప్రతినిధి పంపే ఈమెయిల్‌ని తెరవకుండానే డిలీట్ కొట్టేస్తారు. ఒకప్పుడు నేనూ అంతే. ఇప్పుడు ఆఖరి లైను దాకా చదువుతున్నానంటే దానికి కారణం ఒక లిఫ్టు.

మా సీనియర్ సెంటర్ నడిచేది సిటీ సొంత భవనంలో. కింద భోజనాలు, పైన యోగా, కంప్యూటర్ క్లాసులు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోతారు. పైకప్పు సంగతి చెప్పక్కర్లేదు, వానొస్తే మూలమూలకీ బకెట్లే. ఆ సెంటర్ సలహా సంఘంలో నేనొక వాలంటీర్‌ని. 2024 వసంతంలో మా ప్రతినిధి పంపిన ఉత్తరంలో, బడ్జెట్ గొడవలన్నీ అయ్యాక ఎక్కడో అడుగున, కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్‌కి దరఖాస్తులు తీసుకుంటున్నామని రెండు లైన్లు కనబడ్డాయి. సిటీవాళ్ళకి చూపిస్తే, "రాసేవాళ్ళుంటే మేం రెడీ" అన్నారు. రాసే పని నాకు పడింది.

ఇది పాత ఇయర్‌మార్కులకి, అంటే సభ్యులు తమ ఊళ్ళ పనులకి ప్రత్యేకంగా బిల్లులో రాయించుకునే నిధులకి, కొత్త రూపం. 2011లో ఆపేసిన పద్ధతిని 2021లో కొన్ని కట్టుబాట్లతో మళ్ళీ తెచ్చారు. మేం అడిగిన 2024లో ఒక్కో హౌస్ (ప్రతినిధుల సభ) సభ్యుడు 15 ప్రాజెక్టులకు మించి అడగకూడదు. లాభం కోసం నడిచే కంపెనీలకు చోటు లేదు. ఇందులో తనకుగానీ తన కుటుంబానికిగానీ ఆర్థిక ప్రయోజనం లేదని సభ్యుడు రాసివ్వాలి, అడిగిన ప్రతి ప్రాజెక్టునూ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. మాది హౌసింగ్ శాఖ ఖాతా కిందికి వచ్చింది. ఈ సంగతి తెలిసి మా తెలుగు సంఘం పెద్దలు, "మన హాలుకి కూడా ఒకటి పడేద్దామా?" అన్నారు. కుదరదు. ఆ ఖాతాలోంచి లాభాపేక్ష లేని సంస్థల్ని హౌస్ కమిటీ 2024లోనే తప్పించింది. మాది సిటీ భవనం కాబట్టి దారి దొరికింది.

ఫారం చూడ్డానికి చిన్నదే, అడిగేవి మాత్రం పెద్దవి. మీరడిగినదాంట్లో సగమే ఇస్తే పని మొదలుపెట్టగలరా? మిగతా డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? పూర్తయ్యాక ఏటా మెయింటెనెన్స్ ఎవరు భరిస్తారు? వీటికి "చూస్తాం, చేస్తాం" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఊళ్ళో జనం మద్దతుందని రుజువు చూపించడం. మేయరు ఉత్తరం, కౌన్సిల్ తీర్మానం, లోకల్ పేపర్లో వచ్చిన వార్త, ఇలాంటివి జతచేయాలి. కౌన్సిల్ అజెండాలో మా తీర్మానం పార్కింగ్ మీటర్ల రగడ వెనకాల పడి, రాత్రి పొద్దుపోయాక గానీ ఓటింగుకి రాలేదు. సెంటర్‌కి వచ్చే పెద్దవాళ్ళు చేత్తో రాసిచ్చిన కాగితాలు కూడా పెట్టాను. ఒకావిడ రాసింది ఒక్కటే వాక్యం: "పై అంతస్తు నేనింకా చూడలేదు." తర్వాత ఫోన్‌లో మాట్లాడినప్పుడు ప్రతినిధి ఆఫీసులో ఫైలు చూసే అమ్మాయికి నా నాలుగు పేజీల వివరణలో ఒక్క ముక్కా గుర్తులేదు, ఆ వాక్యం గుర్తుంది.

ఆ 15లో మాదీ ఉంది. జులైలో ఖర్చుల బిల్లులు రాసే హౌస్ అప్రోప్రియేషన్స్ కమిటీ బిల్లులోనూ పడింది. వెంటనే మా ప్రతినిధి ఉత్తరంలో పైనే, పెద్ద అక్షరాల్లో, సెంటర్ పేరు. మర్నాడు సెంటర్‌లో మన గుంటూరు పెద్దాయన ఒకరు నన్ను ఆపి, "ఏం బాబూ, డబ్బులొచ్చాయటగా?" అన్నారు.

"లేదండీ, ఇంకా కమిటీ దాకానే వచ్చింది."

"మరి అంతమాత్రానికి అంత పెద్ద అక్షరాలెందుకోయ్?"

నా దగ్గర జవాబు లేదు. అవి ఎన్నికల రోజులు మరి. అలాంటి ఉత్తరం చదివేటప్పుడు నేను చూసేది ఇప్పుడొకటే: కాగితం ఏ బల్ల మీద ఉంది? ప్రతినిధి అడగడం, కమిటీ ఒప్పుకోవడం, రెండు సభలూ దాటడం, సంతకం పడటం వేరువేరు మెట్లు. సంతకం తర్వాత కూడా శాఖతో ఒప్పందం, పర్యావరణ సమీక్ష ఉంటాయి. ఆ సమీక్ష కాకుండా కాంట్రాక్టరుతో సంతకం పెట్టుకుంటే మొత్తానికే మోసం.

ఆ ఏడాది మాది కమిటీ మెట్టు దాటలేదు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, ఆలోపు 12 ఖర్చుల బిల్లులు పాసవ్వాలి. అవి కాలేదు కాబట్టి పాత లెక్కల మీదే నడిపిస్తూ తాత్కాలిక బిల్లులు పెట్టారు, ముందు డిసెంబరు దాకా, తర్వాత మార్చి దాకా. 2025 మార్చి 15న సంతకమైనది ఏడాది మొత్తానికీ పొడిగింపు. అందులో ఇలాంటి స్థానిక ప్రాజెక్టులు ఒక్కటీ లేవు, దేశం మొత్తంమీద ఏ పార్టీవాళ్ళు అడిగినవీ లేవు. మాది బాగాలేదని ఎవరూ అన్లేదు, ఎదటి పార్టీ పేరుపెట్టి కొట్టేసిందీ లేదు. పైవాళ్ళు తెగని పంచాయితీ పెట్టుకుంటే కిందున్న మా లిఫ్టు ఎగిరిపోయింది. మా ప్రతినిధి ఉత్తరం తప్పంతా అవతలి పక్షానిదే అంది. పక్క నియోజకవర్గంలో ఉండే మా బావమరిదికి వాళ్ళ ప్రతినిధి పంపిన ఉత్తరం తెప్పించుకుని చదివాను. అందులో తప్పంతా ఇవతలి పక్షానిది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తేదీలూ, బిల్లుల పేర్లూ మాత్రం ఒకటే. అవే నాకు కావలసినవి.

రెండోసారి దరఖాస్తుకి పద్ధతి మార్చాం. శాఖతో ఒప్పందానికి ముందు పెట్టిన ఖర్చుని తర్వాత తిరిగిస్తారని నమ్ముకుని కూర్చోవద్దని ఆఫీసు అమ్మాయి గట్టిగా చెప్పింది. పైకప్పు అప్పటిదాకా ఆగదు. దాన్ని సిటీ తన డబ్బుతో మొదలుపెట్టింది, మేం లిఫ్టు ఒక్కటే అడిగాం. జులైలో మళ్ళీ కమిటీ బిల్లులో పడింది. ఈసారి పెద్దాయన ఏమీ అడగలేదు.

2025 అక్టోబరు 1న షట్‌డౌన్ వచ్చింది, అంటే నిధుల్లేక ప్రభుత్వ పనులు చాలావరకు ఆగిపోయాయి. ఆరోగ్య బీమా ప్రీమియంల మీద ఇచ్చే అదనపు పన్ను రాయితీలు 2025 చివరితో ముగియబోతుండగా, వాటిని పొడిగించాలా వద్దా అన్న దగ్గర పీటముడి పడింది. సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, అన్ని ఓట్లు ఎవరి దగ్గరా లేవు. 2018-19లో 35 రోజుల షట్‌డౌనే అప్పటికి రికార్డు. ఇది నవంబరు 12 దాకా, 43 రోజులు సాగింది. మనవాళ్ళకి వెంటనే తగిలిన దెబ్బ లేబర్ శాఖది: ఎల్‌సీఏలు (హెచ్-1బీకి ముందు కంపెనీ పెట్టాల్సిన లేబర్ దరఖాస్తులు) తీసుకోవడం ఆగిపోయి, హెచ్-1బీ మీద కంపెనీ మారదామనుకున్నవాళ్ళు ఇరుక్కుపోయారు.

ఆ రోజుల్లోనే ఉత్తరం అడుగు భాగం విలువ తెలిసొచ్చింది. సెంటర్‌కి వచ్చే ఒక అత్తయ్యగారి సోషల్ సెక్యూరిటీ ఫైలు నెలల తరబడి కదల్లేదు. తన ఫైలు గురించి ఆఫీసు ఆరా తీయొచ్చని ఒప్పుకునే ప్రైవసీ రిలీజ్ ఫారం మీద ఆవిడ చేత సంతకం పెట్టించి ప్రతినిధి ఆఫీసుకి పంపాం. వాళ్ళు ఇవ్వమని ఆజ్ఞాపించలేరు, ఎక్కడ ఆగిందో కనుక్కుంటారు. ఆగింది ఒక జనన ధ్రువపత్రం దగ్గర. అది పంపాక కదిలింది. మనకి ఓటు లేదు కదా, వీళ్ళెందుకు పట్టించుకుంటారు అనుకునేవాళ్ళకి ఒక మాట: వాళ్ళడిగేది నియోజకవర్గంలో అడ్రసు. గ్రీన్‌కార్డుంటేనేం, వీసా మీదుంటేనేం, అడగొచ్చు.

అదే అడుగు భాగంలో ఏటా హైస్కూల్ పిల్లల ఆర్ట్ పోటీ ఉంటుంది, గెలిచిన బొమ్మ ఏడాదిపాటు వాషింగ్టన్‌లో కాపిటల్‌లో వేలాడుతుంది. యాప్‌లు రాసే పిల్లలకి కాంగ్రెషనల్ యాప్ ఛాలెంజ్ ఉంది. వెస్ట్ పాయింట్, అన్నాపొలిస్ లాంటి సైనిక అకాడమీలకి వెళ్ళాలనుకునే పిల్లలు ముందు ప్రతినిధి దగ్గరో సెనేటర్ల దగ్గరో నామినేషన్ కోసం ప్రయత్నించాలి, ఆ దరఖాస్తుల గడువు సాధారణంగా పన్నెండో తరగతి మొదట్లోనే ముగుస్తుంది. స్పెల్లింగ్ బీ తేదీలు కంఠతా వచ్చిన మన ఇళ్ళలో వీటి పేర్లు విన్నవాళ్ళు తక్కువ.

షట్‌డౌన్ ముగించిన చట్టంలో ఏడాది పొడవునా నిధులిచ్చింది 12లో మూడు బిల్లులకే: వ్యవసాయం, సైనిక నిర్మాణాలూ వెటరన్లూ, కాంగ్రెస్ సొంత ఖర్చులు. హౌసింగ్ బిల్లు వాటిలో లేదు, మిగతావాటితో పాటు దాన్నీ 2026 జనవరి 30 దాకా నెట్టారు. 2025 డిసెంబరులో ఇది రాస్తున్నప్పటికి పైకప్పు పని అయిపోయింది. లిఫ్టు కంపెనీ ఇచ్చిన కొటేషన్ గడువు దాటిపోతే కొత్తది తెప్పించాం, రేటు పెరిగింది. పెరిగినంత మేర ఎవరు భరిస్తారో వచ్చే కౌన్సిల్ మీటింగులో తేలాలి. అజెండాలో ఈసారి మాది పార్కింగ్ మీటర్ల కన్నా ముందుంది.