ఇప్పుడేటి చేస్తావురా?

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని ఫోన్ వచ్చినప్పుడు ర్యాంకులూ, స్పోర్ట్స్ డేలూ నాకు తట్టలేదు. మన బడి అనగానే నా కళ్లముందుకొచ్చేది పదో తరగతి గది వెనక వరండా, ఆరు గవ్వలు, చివరి పేజీలు ఊడిపోయిన ఒక పుస్తకం.

పుస్తకం విశాఖ కోటవీధి నుంచి వచ్చే మావాడిది. పేరు రాయను, చదవగానే వాడికే తెలుస్తుంది. వాళ్ల తాతగారు చందమామలో వచ్చిన 'శిథిలాలయం' సీరియల్ పేజీలను నెలనెలా విడదీసి దాచి, అట్ట వేయించి బైండు చేయించారు. అప్పట్లో చాలా ఇళ్లలో ఈ అలవాటుండేది. తెరిస్తే కలరా ఉండల వాసన. పేజీలు ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలేవి. శిఖిముఖి, విక్రమకేసరి అనే ఇద్దరు కుర్రాళ్లు అడవుల్లో పడి వెళ్తుంటారు, ప్రతి భాగమూ ఏదో ఒక ప్రాణాపాయం దగ్గర ఆగుతుంది. చిత్రకారుడు చిత్రా గారి బొమ్మల్లో చెట్టు కొమ్మ కూడా మనిషిని పట్టుకోవడానికి వస్తున్నట్టే ఉండేది. మా చేతికి వచ్చేసరికి దారం తెగి, ఆఖరి భాగాలు ఎక్కడో పడిపోయాయి.

నలుగురం వారం రోజుల్లో ఉన్నంత మేరా చదివేశాం. ఆ తర్వాత ఏమయిందో చెప్పేవాళ్లు లేరు. పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో కూడా వెతికాం, దొరకలేదు. ఒకరోజు అన్నాల బెల్ కొట్టాక కోటవీధి వాడు పుస్తకం మూసి, "నువ్వే శిఖిముఖివి. ఎదర లోయ ఉంది, వెనక తరుముకొస్తున్నారు. ఇప్పుడేటి చేస్తావురా?" అన్నాడు. దూకుతానన్నాను. దూకితే చస్తావన్నాడు వాడు. చావనన్నాను నేను. ఆ గొడవ రెండు రోజులు నడిచింది.

దాన్ని తేల్చింది మల్కాపురం అమ్మాయి. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు ఇంటి నుంచి, ఇంకో రెండు బీచ్ నుంచి తెచ్చింది. తేలిక పనైతే ఆరింట్లో రెండు వెల్లకిలా పడితే చాలు. లోయ దూకడం లాంటిదైతే అయిదు పడాలి. నోటుబుక్కు వెనక పెన్సిల్‌తో లెక్క కూడా కట్టింది. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే అరవై నాలుగు రకాల్లో ఇరవైట్లో మూడు వెల్లకిలా పడతాయి, ఆరూ వెల్లకిలా పడేది ఒక్కదాంట్లోనే. అయిదూ అంతకంటే ఎక్కువా పడే దారులు ఏడే. "నువ్వు తొమ్మిది సార్లు దూకితే ఒక్కసారి బతుకుతావు" అంది. నాకు లెక్కల మీద ప్రేమ పుట్టింది ఆ మాటతోనే.

నాలుగోవాడు బొమ్మలు వేసేవాడు. మేం ఆడింది ఆడినట్టు లాంగ్ నోటుబుక్కులో గళ్లు గీసి కామిక్‌గా దించేవాడు. చందమామ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు మన అనకాపల్లి పక్కన కశింకోటలో ఉండేవారని తెలిసిన రోజున వాడు నిద్రపోలేదు. అంత గొప్ప చేయి మన పక్క ఊళ్లో ఉండేదా అని పదిమందికి చెప్పుకుని తిరిగాడు.

ఎక్స్‌కర్షన్‌కి తొట్లకొండ తీసుకెళ్లారు గుర్తుందా? కొండ మీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్ల వల్లే దానికి ఆ పేరని, అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారని మాస్టారు చెబుతుంటే మిగతావాళ్లు సముద్రం చూస్తున్నారు. మేం నలుగురం మాత్రం తొట్టి అంచున కూర్చుని, లోపల్నుంచి సొరంగం ఎటు పోవాలో కాగితం మీద గీసుకుంటున్నాం. సోమవారం నుంచి మా శిథిలాలయం అక్కడే.

ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక, రూమ్మేట్ ఒకడు శనివారం రాత్రి ఒక పెట్టె తెరిచాడు. నాలుగు ముఖాల పాచిక నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా ఉన్నాయి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలకు అంకెలుంటాయి. ఏం చేస్తావో చెప్పాలి, పాచిక వేయాలి, నీ గుణాన్ని బట్టి వచ్చేది కలుపుకోవాలి, ఆట నడిపేవారు పెట్టిన అంకెను అందుకున్నా, దాటినా పని అయినట్టు. వాడు రూల్స్ వివరిస్తుంటే నా గొంతు పట్టేసింది. ఇది మా వరండా ఆటే కదా! ఒక్కటే తేడా. ఇరవై ముఖాల పాచికకు ఒకటైనా ఇరవయ్యయినా సమానమే. గవ్వలు అలా కాదు, ఎక్కువసార్లు మధ్యలోనే పడతాయి, అద్భుతం ఎప్పుడో గాని చూపించవు. ఇప్పటికీ నాకు గవ్వలే ఇష్టం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలోనే ఉన్నాను. మా అపార్టుమెంటుకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెద్దవాళ్లు నీళ్ల ట్యాంకర్ కోసం కిందా పైకీ తిరుగుతుంటే, పిల్లల్ని మెట్ల దగ్గర కూర్చోబెట్టి కొవ్వొత్తి వెలిగించాను. గాలి హోరు విని రాత్రంతా ఏడ్చిన ఆరేళ్ల పాపను "నువ్వు మాంత్రికుడి గుహ ముందున్నావు, ఇప్పుడేటి చేస్తావమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తలుపు కొడతాను" అంది. గవ్వలు వేసింది. నాలుగు వెల్లకిలా పడ్డాయి. అయిదో రోజు కరెంటు వచ్చినా ఆ పిల్లలు మెట్లు వదల్లేదు.

ఒక బాధ మాత్రం ఉంది. ఆ సీరియళ్ల మీద రాసినవారి పేరు ఉండేది కాదు. అవి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాశారని నాకు తెలిసింది ఆయన 2010లో పోయిన తర్వాత. మమ్మల్ని అంతగా ఊగించిన మనిషికి ఒక ఉత్తరం ముక్కయినా రాయలేకపోయాను. సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాక కొని, చివరి భాగాలు చదివాను. ఆయన ముగింపు ఆయనదే. మాది మాకింకా మిగిలే ఉంది.

ఎందుకంటే పరీక్షల సెలవులిచ్చే ముందు రోజు మా కథ చివరి గండానికి వచ్చింది. తొట్టి అడుగున రాయి కదలాలంటే ఆరూ వెల్లకిలా పడాలి. గవ్వలు నా చేతిలో ఉన్నాయి. వేశాను. అయిదు వెల్లకిలా పడ్డాయి. ఆరోది గచ్చు మీద దొర్లుకుంటూ తలుపు దాటి క్లాసులోకి వెళ్లి, మాస్టారి బల్ల కింద సందులో దూరింది. చెయ్యి పెట్టేలోపు బెల్ కొట్టారు, గది తాళం వేశారు.

బోర్లా పడిందని కోటవీధి వాడంటాడు. దొర్లేటప్పుడు తెల్లటి నోరు పైకి కనిపించిందని మల్కాపురం అమ్మాయి ఇప్పటికీ ఒట్టేస్తుంది. మిగిలిన అయిదు గవ్వలూ నా దగ్గరే ఉన్నాయి, సమ్మేళనానికి తెస్తున్నాను. ఆ బల్ల ఇంకా అక్కడే ఉంటే, నలుగురం కలిసి ఒకసారి జరుపుదాం.