విశాఖలో ఎవరి కోపానికి ఎంత విలువ

విశాఖ అంటే నాకు ఇన్నాళ్ళూ బీచ్, కైలాసగిరి, సింహాచలం. ఈసారి మాత్రం వేరే పని మీద వెళ్ళాను. హక్కుల కోసం ఈ ఊళ్ళో, చుట్టుపక్కల కొండల్లో జనం ఎక్కడెక్కడ గొంతెత్తారో ఆ చోట్లు చూడాలనుకున్నాను. కోపం వద్దని చిన్నప్పటి నుంచీ బళ్ళో పద్యాలు అప్పజెప్పించారు. ఆడపిల్లలకైతే ఇంట్లో కూడా అదే పాఠం. అన్యాయం జరిగినవాళ్ళు కోప్పడకుండా ఏమైనా సాధించారా అనే ప్రశ్న నన్ను చాలాకాలంగా తొలుస్తోంది.

రత్నాచల్ దిగి, ఆటో మాట్లాడుకుని ముందు తెన్నేటి పార్కుకి వెళ్ళాను. అక్కడ సముద్రం చూస్తూ కూర్చున్నవాళ్ళలో తెన్నేటి విశ్వనాథం ఎంతమందికి గుర్తున్నారో తెలీదు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ జనం రోడ్డెక్కినప్పుడు ముందు నిలబడిన నాయకుల్లో ఆయనొకరు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు చేసిన నిరాహార దీక్ష, విద్యార్థుల ఊరేగింపులు, నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పులు, ప్రాణాలు పోయినవాళ్ళు. మరుసటి ఏడాదే విశాఖ ఓటర్లు తెన్నేటిని లోక్‌సభకు పంపించారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు. ఆనాటి కోపాన్ని ఇవాళ ఎవరూ తప్పు పట్టరు. పైగా గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా.

నేను ఇవన్నీ అడుగుతుంటే ఆటో డ్రైవర్ కాసేపు విని, “మా తాతగారి ఊరు ఇప్పుడు ప్లాంటు గోడ లోపలుందమ్మా” అన్నాడు. ప్లాంటు కోసం దాదాపు 22,000 ఎకరాలు సేకరించారు. ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. నిర్వాసిత కుటుంబాలకు ప్లాంటులో ఉద్యోగం కోసం ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు, ఇచ్చారు. వాళ్ళ నాన్న కార్డు ఫొటో ఫోన్‌లో తీసి చూపించాడు. లామినేషన్ అంచులు ఊడిపోయాయి, ఫొటోలో ముఖం వెలిసిపోయి మీసం ఒక్కటే కనపడుతోంది. ఆ కార్డు పట్టుకుని తిరిగీ తిరిగీ ఆయన కాలం చేశాడట.

“ధర్నాకెళ్తే, మీకింకా కోపం తగ్గలేదా అంటారమ్మా. తగ్గడానికి మాకేటిచ్చారు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒకే ప్లాంటు. దాన్ని తెచ్చిన కోపాన్ని పండగలా తలుచుకుంటాం. దానికోసం భూములిచ్చినవాళ్ళ కోపం మాత్రం పాత గొడవ. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కార్మికులు కూర్మన్నపాలెంలో దీక్షలకు దిగినప్పుడు ఊరంతా మళ్ళీ ఉక్కు గురించి మాట్లాడింది. ఆ మాటల్లో నిర్వాసితుల వంతు ఎంత అన్నది ఆ డ్రైవర్‌ని అడిగితే తెలుస్తుంది.

మర్నాడు తెల్లవారుజామున కిరండూల్ రైలెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టడం, కిటికీల దగ్గర ఫోన్లు, జామకాయల బుట్టలు, అందరికీ తెలిసిన ప్రయాణమే. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగితే టూరిస్టులంతా గుహల దారి పట్టారు. నేను వెళ్ళింది నిమ్మలపాడు వైపు. అప్పట్లో ఇది విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఈ అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో కాల్‌సైట్ గనుల కోసం ప్రభుత్వం లీజులిచ్చింది. ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు. సమత అనే సంస్థ వాళ్ళ తరఫున కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. ఆగలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న 1/70 చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందనీ, అక్కడి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదనీ కోర్టు చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాట అది, ఒకరు విభేదించారు. దేశంలో గిరిజన భూముల గురించి ఎక్కడ వాదన జరిగినా ఈ కేసు పేరు ఎత్తకుండా ఉండరు.

ఊళ్ళో ఒక పెద్దాయన రాగిచేను గట్టు మీద కూర్చుని మాట్లాడాడు. అప్పట్లో మీకు భయం వెయ్యలేదా అంటే, “భయమేసింది. కానీ భూమి పోతాదంటే కోపం ముందొచ్చింది” అన్నాడు. ఆ కోపం సర్వే నంబర్లుగా, పటాలుగా, పిటిషన్‌గా మారింది. కోపానికి కాగితం తోడైతే ఎంత దూరం పోతుందో ఆ గట్టు మీదే నాకు అర్థమైంది. కోపం లేకపోతే ఆ కాగితం పుట్టేదే కాదని కూడా.

అన్నిసార్లూ ఇలా జరగదు. 2007 ఆగస్టు 20న ఈ కొండల్లోనే ఉన్న వాకపల్లిలో గాలింపుకొచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది గిరిజన స్త్రీలు చెప్పారు. మొదటి రోజు నుంచీ వాళ్ళ మాటను అనుమానించినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు వెనక్కి తగ్గలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని చెబుతూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు 16 ఏళ్ళు. తిరిగొచ్చాక ఆ కోర్టు ముందు నిలబడి, కొండల మీంచి ఇక్కడిదాకా వాయిదాలకు రావాలంటే ఎన్ని కూలిరోజులు పోతాయో లెక్కేసుకున్నాను. అంత దూరం ఏ ఓపికతో వచ్చారంటారు? నన్నడిగితే కోపంతోనే. ఆ కోపం వాళ్ళ ఒంటినీ ఇంటినీ ఎంత తినేసి ఉంటుందో కూడా మనం ఆలోచించాలి. ధైర్యవంతులని పొగిడేసి ఊరుకుంటే సరిపోదు.

చివరి రోజు నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) ఆఫీసు ముందు గాంధీ బొమ్మ దగ్గరికి వెళ్ళాను. విశాఖలో ఎవరికి కష్టమొచ్చినా టెంటు పడేది అక్కడే. ఆ రోజు ఒక కాంట్రాక్టర్ కింద ఊడ్చే పనిచేసే ఆడవాళ్ళు కూర్చున్నారు. జీతాలు ఆగాయి, గ్లవ్స్ ఇవ్వలేదు, పీఎఫ్ కోసి కట్టలేదు. ఒకామె చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం ఒలిచి ఎర్రగా ఉంది. మాట్లాడ్డానికొచ్చిన మేనేజరు, “ముందు కోపం తగ్గించుకో అమ్మా, నెమ్మదిగా చెప్పు” అన్నాడు.

“నెమ్మదిగా సెప్పినన్నాళ్ళూ ఎవులూ ఇన్నేదు బాబూ” అందామె.

ఆయన మీద ఒక్క తిట్టూ పడలేదు. గొంతు మాత్రం రోడ్డవతలికి వినపడింది. నెమ్మదిగా మాట్లాడమనడం, నెల తిరిగేసరికి జీతం పడేవాళ్ళకు తేలిక. ఐదుగురు లోపలికొచ్చి మాట్లాడమంటే అందరూ ముందు ఆమెనే చూపించారు. ఏ నెలలో ఎంత కోశారో రాసిన నోటుపుస్తకం ఆమె సంచిలోనే ఉంది. నాకు రైలు టైమైపోతున్నా, వాళ్ళు బయటికి వచ్చేదాకా మిగతావాళ్ళతో పాటు ఆ టెంటు కిందే కూర్చున్నాను. పీఎఫ్ సంగతి తేల్చడానికి వారం గడువు అడిగారట. గడువు కాగితం మీద రాసి సంతకం పెడితేనే లేస్తామని ఆమె చెప్పి వచ్చింది.