రొయ్యల రేటు, షుగరు, మగతనం

రొయ్యల రేటు పడిపోయిన ఏడాదే నాకు అంగస్తంభన సమస్య మొదలైంది. అప్పుల టెన్షన్ ఎటూ ఉంది. ఒంగోలులో డాక్టర్ గారు ముందు అడిగింది, తెల్లవారుజామున స్తంభన వస్తోందా అని. వస్తుంటే కారణం ఎక్కువగా మనసులోనే ఉంటుందట. నాకు అదీ తగ్గింది. రక్తపరీక్షలో షుగర్ బయటపడింది.

అంగానికి వెళ్లే రక్తనాళాలు 1–2 మిల్లీమీటర్లే, గుండెవి 3–4. అందుకే షుగర్ లాంటి వాటివల్ల వచ్చే పూడిక ముందు ఇక్కడ తెలుస్తుంది, గుండెజబ్బు బయటపడడానికి రెండు మూడేళ్ల ముందే కూడా. ఈసీజీ తీయించారు. టెన్షన్ పాత్ర లేదని కాదు. ఒకసారి తప్పితే మళ్లీ తప్పుతుందేమోనన్న భయం ఒకటి పట్టుకుంటుంది.

మా కందుకూరు వైపు మెడికల్ షాపులో గొంతు తగ్గించి స్తంభన మాత్ర అడిగేవాళ్లే ఎక్కువ. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, ఆ సంగతి ఎవరూ అడగరు.

సిగరెట్ మానేశాను. ఇంట్లో ఆమెకి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.