బాకూలో తెల్లవార్లూ

ఉద్దానంలో కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు ఆగాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా పెదనాన్న వాళ్ల తోట నేలమట్టమైంది. వాతావరణ మార్పు దెబ్బ తింటున్న దేశాలకు డబ్బు ఎవరివ్వాలి, ఎంతివ్వాలి? 2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన కాప్‌29 అనే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో అసలు గొడవ ఇదే. అందుకే ఒక సంస్థ తరఫున అబ్జర్వర్ బ్యాడ్జ్, అంటే చర్చలు కూర్చుని చూసే అనుమతి, వచ్చిందని తెలియగానే ఎగిరి గంతేశాను.

సదస్సు ఒలింపిక్ స్టేడియంలో. తాత్కాలికంగా కట్టిన హాళ్లు, చర్చల గదులకు కిటికీల్లేవు. లోపలుంటే పగలో రాత్రో తెలిసేది కాదు. బయటికొస్తే కాస్పియన్ గాలి చెవులు కోసేసేది. ఊరు పెద్దగా చూడలేదు. ఓ సాయంత్రం ఇచెరిషెహెర్ అనే పాతకోటలో, నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ తాగాను, పక్కన జామ్ పెట్టి ఇచ్చారు.

ఉదయం యంగో మీటింగ్‌తో రోజు మొదలయ్యేది. ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చల్లో యువత తరఫున అధికారికంగా మాట్లాడే వేదిక అది. తర్వాత ఫైనాన్స్ గది ముందు క్యూ. మాలాంటి వాళ్లకు వెనక కుర్చీలే, అవీ ముందొచ్చిన వాళ్లకే. ఎవరికైనా ఒప్పుదల లేని వాక్యం ముసాయిదాలో బ్రాకెట్లలో ఉంటుంది. ఓటింగ్ ఉండదు. దాదాపు 200 దేశాలు సరేననాలి. నవంబరు 21న వచ్చిన ముసాయిదాలో, ఎన్ని లక్షల కోట్ల డాలర్లో చెప్పాల్సిన చోట అంకె లేదు, ‘ఎక్స్’ అని ఉంది. నా పక్కన కూర్చున్న ఫిజీ అమ్మాయి ఆ ఎక్స్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. సముద్రం మింగేస్తున్న ఊళ్ల వాళ్లకు చూపించాల్సిన కాగితమా అది? నాకు ఒళ్లు మండిపోయింది.

22న ముగియాల్సిన సదస్సు ముగియలేదు. 23న చిన్న ద్వీప దేశాల వాళ్లు, బాగా వెనకబడిన దేశాల వాళ్లు చర్చల మధ్యలో లేచి బయటికొచ్చేశారు. చివరికి 24 తెల్లవారుజామున తీర్మానం అయిపోయిందంటూ అధ్యక్షుడు సుత్తి కొట్టేశారు. 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు. పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్లు. మన దేశం తరఫున చాందినీ రైనా లేచి, ఇది కంటికి కట్టిన భ్రమ తప్ప మరేం కాదని, భారత్ దీన్ని ఒప్పుకోదని తెగేసి చెప్పారు. హాల్లో చప్పట్లు మోగాయి. నేనూ చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అంకె కాదు. ఆ డబ్బు ప్రభుత్వాల నుంచీ రావచ్చు, ప్రైవేటు పెట్టుబడుల నుంచీ రావచ్చు, అప్పుగానూ రావచ్చు. మునిగినవాడికి వడ్డీకి ఇచ్చి, సాయం చేశామని రాసుకోవడం అన్యాయం.

వెళ్లాలనుకునే వాళ్లకు చెబుతున్నాను. విడిగా మన పేరుతో దరఖాస్తు చేస్తే బ్యాడ్జ్ రాదు, ఐక్యరాజ్యసమితి గుర్తించిన సంస్థ ఏదైనా మన పేరు పంపాలి. ముసాయిదాలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. ముందే చదువుకుని వెళ్లండి, ఫోటోలు దిగే స్టాళ్లు వదిలేసి ఫైనాన్స్ గదిలో కూర్చోండి.